రెండు వంపుల వెన్నుకి పిలాటిస్: ఏ వైపు ఎంత, ఏది వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 34. ఎక్స్‌రేలో వీపు దగ్గర కుడివైపుకి 28 డిగ్రీలు, నడుము దగ్గర ఎడమవైపుకి 22 డిగ్రీల వంపు. టీనేజీలోనే బయటపడింది, బ్రేస్ (వెన్నుని పట్టి ఉంచడానికి ఒంటికి తొడిగే పట్టీ కవచం) వేయలేదు. మూడు నెలలుగా పిలాటిస్ (ఊపిరితో జతచేసి, చాప మీదా పరికరాల మీదా నెమ్మదిగా చేసే వ్యాయామ పద్ధతి) గ్రూపు క్లాసుకి వెళ్తున్నారు. నడుము కాస్త తేలికపడింది గానీ కుడి రెక్క ఎముక కింద కొత్తగా పోటు మొదలైంది. మానేయాలా, కొనసాగించాలా, ఈ వంపు ఎప్పటికైనా తగ్గుతుందా?

మానక్కర్లేదు. చేసే తీరు మార్చుకోవాలి. గ్రూపు క్లాసులో రెండు వైపులా ఒకేలా చేయిస్తారు, మీ ఒళ్ళేమో రెండు వైపులా ఒకేలా లేదు. ఆ పోటుకి మూలం చాలావరకు అక్కడే ఉంటుంది.

ముందు వంపు సంగతి తేల్చేద్దాం. ఎదుగుదల ఆగిపోయిన వెన్నులో ఎముకల ఆకారంలోనే స్థిరపడిన వంపుని పిలాటిస్ నిటారు చేయదు. కాబ్ కోణం (ఎక్స్‌రే మీద వంపుని డిగ్రీల్లో కొలిచే లెక్క) కొలవడంలోనే 5 డిగ్రీల వరకు అటూ ఇటూ అవుతుంది కాబట్టి, 28 కాస్తా 25 అయిందని ఎవరైనా చెప్పినా దాన్ని తగ్గుదలగా లెక్కవేయకూడదు. పిలాటిస్‌తో వంపు బాగా తగ్గిందని 2012లో వచ్చిన ఒక అధ్యయనాన్ని తరచు చూపిస్తుంటారు. అది జరిగింది నిర్మాణపరం కాని స్కోలియోసిస్ (వెన్ను పక్కకి వంగడం) ఉన్న కాలేజీ అమ్మాయిల మీద. కండరాలు పట్టేసినందువల్లనో, కాళ్ళ పొడవులో తేడా వల్లనో వచ్చే అలాంటి వంపులో ఎముకలు గట్టిగా మెలి తిరిగి ఉండవు. మీది ఆ రకం కాదు. అయితే దిగులుపడాల్సిందీ లేదు. ఎదుగుదల ముగిసే సమయానికి 30 డిగ్రీల లోపున్న వంపులు ఆ తర్వాత మామూలుగా పెద్దగా పెరగవు. వీపు వంపు 50 దాటితేనే ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరిగే అవకాశం ఉంటుంది. మీకు పిలాటిస్‌తో దక్కేవి వేరు: నొప్పి తగ్గడం, సాయంత్రానికి ఒళ్ళు ఒక పక్కకి కుంగిపోకుండా నిలబడగలగడం, మూసుకుపోయిన పక్కటెముకల వైపుకి ఊపిరి అందడం. రోజూ బతకడానికి ఇవి చిన్న విషయాలేమీ కావు.

ఇక మీ వంపుని మీరు చదవడం నేర్చుకోవాలి. స్కోలియోసిస్ అంటే వెన్ను పక్కకి ఒంగడం మాత్రమే కాదు, ఒంగుతూ మెలి తిరగడం. వీపులో కుడికి వంపు ఉంటే ఆ వెన్నుపూసలు కూడా కుడివైపుకే తిరుగుతాయి. వాటికి తగులుకుని ఉన్న కుడి పక్కటెముకలు వెనక్కి పొడుచుకొస్తాయి, ఎడమవి ముందుకు వస్తాయి. అంటే మీ వీపు కుడివైపు ఉబ్బు, ఎడమవైపు గుంట. ముందునుంచి చూస్తే ఇది తారుమారు: ఎడమ రొమ్ము కింది ఎముకలు ముందుకు, కుడివి లోపలికి. నడుము దగ్గర మళ్ళీ తిరగబడుతుంది: ఎడమ నడుము ఉబ్బు, కుడి నడుము గుంట. ఈ చోట్లన్నిటినీ కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి. కింద నేను రాసేదంతా ఆ బొమ్మ మీదే నడుస్తుంది. మీ వంపు దీనికి అద్దంలో ప్రతిబింబంలా ఉన్నవారు కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి చదువుకోవాలి.

ఎక్స్‌రే చూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. స్కోలియోసిస్ ఫిల్ముని సాధారణంగా మనిషిని వెనకనుంచి చూస్తున్నట్టు పెడతారు, కాబట్టి అందులో కుడి అంటే మీ కుడే. ఛాతీ ఎక్స్‌రే చూసే పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. ఫిల్ము మూలన ఆర్ అనో ఎల్ అనో అక్షరం ఉంటుంది, దాన్ని చూసి ఖాయం చేసుకోండి. వైపు తప్పు పట్టుకుని ఆరు నెలలు శ్రద్ధగా వంపునే బలపరిచేవాళ్ళుంటారు. ఇంట్లో ఇంకో తనిఖీ కూడా చేసుకోవచ్చు. పాదాలు దగ్గరపెట్టి, మోకాళ్ళు మడవకుండా, అరచేతులు జోడించి వీపు నేలకి సమాంతరమయ్యే దాకా ముందుకి ఒంగండి. వెనకనుంచి ఎవరిచేతైనా ఫోటో తీయించండి. ఏ వైపు ఎత్తుగా కనిపిస్తే అది ఉబ్బు వైపు. డాక్టర్లు వాడే ఆడమ్స్ పరీక్ష ఇదే.

ఇంకో మాట చెప్పి ముందుకు వెళ్తాను. రాత్రి నిద్రలేపే నొప్పి, కాళ్ళలో తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం, ఏడాదిలోపే ఒంటి ఆకారం స్పష్టంగా మారిపోవడం: వీటిలో ఏది ఉన్నా వ్యాయామం పక్కనపెట్టి ముందు వెన్నెముక డాక్టరుని కలవాలి.

ఇప్పుడు చాప మీదికి వద్దాం. అసలు పని మొదలయ్యేది పడుకునే తీరులోనే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీరు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిస్తే కుడి రెక్క ఎముక కింది భాగం చాపకి ముందుగా, గట్టిగా తగులుతుంది. ఎడమ రెక్క తేలినట్టుంటుంది. నడుము దగ్గర ఎడమవైపు కండ చాపని తాకుతుంది, కుడి నడుము కింద చెయ్యి దూరిపోతుంది. చాలామంది టీచర్లు ఇది చూసి మంచి మనసుతోనే గుంట ఉన్నచోట తువ్వాలు పెడతారు. ఒళ్ళు సమంగా ఆనినట్టు హాయిగా ఉంటుంది. కానీ ఎడమ పక్కటెముకలు ఇప్పటికే ముందుకి జరిగి ఉన్నాయి. వాటి కింద మందంగా ఏదైనా పెడితే ఇంకా ముందుకే నెడుతుంది, మెలిక పెరుగుతుంది. తువ్వాలు పెట్టాల్సింది ఉబ్బు కింద. ఒక సన్నటి తువ్వాలుని మడిచి, ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వచ్చేలా చేసి, కుడి ఉబ్బు బయటి సగం కింద పెట్టండి. వెన్నుపూసల కిందికి రాకూడదు. వెన్నుకీ తువ్వాలు అంచుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచండి. అలాంటిదే ఇంకొకటి ఎడమ నడుము కింద. ఇప్పుడు ఒంటి బరువే కుడి ఎముకల్ని మెల్లగా ముందుకి నెడుతుంది, ఎడమ వీపుకి చాపవైపు వ్యాపించడానికి చోటు దొరుకుతుంది. మొదట్లో ఒంకరగా పడుకున్నట్టు అనిపిస్తుంది. ఏళ్ళ తరబడి మెదడు ఒంకరనే తిన్నగా అనుకుంటూ వచ్చింది కాబట్టి అలా అనిపించడం సహజం. నొప్పి గానీ జలదరింపు గానీ వస్తే మాత్రం మందం సగానికి తగ్గించండి. బోర్లా పడుకునే వ్యాయామాలకి తువ్వాలు చోటు మారుతుంది: ముందుకొచ్చిన ఎడమ పక్కటెముకల కింద.

ఇలా పడుకుని చేయాల్సిన మొదటి పని ఊపిరి. స్కోలియోసిస్ కోసం ప్రత్యేకంగా ఊపిరి పద్ధతిని మలిచిన కథరీనా ష్రాత్‌కి స్వయంగా ఈ వంపు ఉండేది. సొట్టపడిన బంతిలోకి గాలి నిండితే సొట్ట బయటికి వస్తుంది, అలాగే గుంటలోకి ఊపిరి పంపితే పక్కటెముకలు తెరుచుకుంటాయన్నది ఆమె ఆలోచన. 1921లో జర్మనీలోని మైసెన్‌లో ఆమె ఈ పద్ధతితో చికిత్స మొదలుపెట్టారు. పిలాటిస్ పద్ధతికి పేరిచ్చిన జోసెఫ్ పిలాటిస్ (1883–1967) కూడా జర్మనీలో పుట్టినవారే, ఆయన కూడా ఊపిరికే పెద్దపీట వేశారు. తేడా ఏమిటంటే పిలాటిస్‌లో ఊపిరి రెండు పక్కలకీ సమంగా వెళ్ళాలంటారు. మీకు అది పనికిరాదు, ఎందుకంటే గాలి ఇప్పటికే తెరిచి ఉన్నవైపుకే పోతుంది. ఉబ్బు ఇంకా ఉబ్బుతుంది.

చేసే విధానం: కుడి అరచేతిని ఎడమ చంక కింద, నాలుగు వేళ్ళు వీపువైపుకి వచ్చేలా పెట్టుకోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆ వేళ్ళని పక్కకీ వెనక్కీ నెట్టండి. కుడి వీపు కదలకుండా ఉండాలి. పెదాలు సున్నాలా చేసి ఆరు నుంచి ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడే అసలు మెళకువ ఉంది: గాలి పోతున్నా ఎడమవైపు తెరుచుకున్న వెడల్పుని పోనివ్వకండి, నడినెత్తి ఒక వైపుకి, తోక ఎముక ఇంకో వైపుకి సాగుతున్నట్టు ఉంచండి. ఐదు ఊపిర్లు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్ళీ ఐదు. తల తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. వారం తర్వాత రెండో చోటు కలపండి: కుడి రొమ్ము కింద ముందువైపున్న గుంట. తప్పు జరిగేది రెండు రకాలుగా. భుజాలు చెవుల దగ్గరికి లేస్తే గాలి పైకే పోతోందన్నమాట. నడుము విల్లులా లేస్తే ఎడమ ముందు ఎముకలు ఎగదన్నుతున్నాయన్నమాట. రెంటిలో ఏది జరిగినా చిన్న ఊపిరితో మొదలుపెట్టండి.

క్లాసులో మాటిమాటికీ వినిపించే "పక్కటెముకలు మూయండి" అన్న సూచన మీకు సగమే వర్తిస్తుంది. ఎడమ ముందు ఎముకల్ని మాత్రమే కిందికి దించాలి. రెండు వైపులా మూస్తే ఇప్పటికే లోపలికి పోయిన కుడి ముందు భాగం ఇంకా కుంగుతుంది. "రెక్కలు వెనక్కి, కిందికి లాగండి, ఛాతీ ఎత్తండి" అన్నది ఇంకా చెడ్డది. వీపు వంపు ఉన్నవాళ్ళలో చాలామందికి పక్కనుంచి చూస్తే వీపుకి ఉండాల్సిన సహజమైన గుండ్రదనం తగ్గి, బల్లపరుపుగా ఉంటుంది. ఛాతీ ఎత్తినకొద్దీ అది ఇంకా చదునవుతుంది. పైగా మీ కుడి రెక్క ఉబ్బు మీద ఎక్కి కూర్చుని ఉంది. దాన్ని బలవంతంగా వెనక్కి లాగితే ఎముక మీద ఎముక ఒరుసుకుంటుంది. మీ పోటుకి మొదట అనుమానించాల్సింది దీన్నే. ఈ రెండు సూచనలూ వదిలేసి, భుజాల్ని వెడల్పు చేయడం మీద మాత్రమే దృష్టి పెట్టండి.

ఊపిరి వారం పది రోజులు కుదిరాక కదలికలు మొదలుపెట్టండి. తువ్వాళ్ళు అలాగే ఉంచి నడుము ఎత్తే బ్రిడ్జితో మొదలుపెడదాం. పూసపూసనీ విప్పుతూ లేవడం పిలాటిస్ పద్ధతి, మీకది వద్దు. మెలిక ఉన్న పూసల్ని ఒక్కొక్కటిగా చుట్టితే అవి మెలిక ఉన్న దారిలోనే చుట్టుకుంటాయి. తుంటినుంచి ఛాతీదాకా ఒకే పలకలా పది సెంటీమీటర్లు ఎత్తి, మూడు ఊపిర్లు ఆపి, అలాగే దించండి. ఎనిమిది సార్లు. రెండు చేతుల వేళ్ళూ తుంటి ఎముకల మొనల మీద పెట్టుకుంటే ఏది ముందు కిందికి జారుతోందో తెలుస్తుంది. జారితే ఎత్తు తగ్గించండి.

తర్వాత కాళ్ళ పని. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు తుంటి మీదికి తెచ్చి, మళ్ళీ బొటనవేలితో నేలని తాకించడం. ఒక్కో కాలికి ఆరు. కాలు ఎంత దూరం వెళ్ళిందన్నది లెక్క కాదు, తుంటి ఎముకలు ఊగకుండా ఉన్నాయా లేదా అన్నదే లెక్క. ఊగుతుంటే మడమని పిరుదుకి దగ్గరగా దించండి.

పక్కకి పడుకోవడంలో ఒక సూత్రం పట్టుకుంటే చాలు: ఉబ్బు కిందికి వస్తే దాని శిఖరం కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి, లేకపోతే ఒంటి బరువుకి వంపు కుంగుతుంది. మీరు కుడి పక్కకి పడుకుంటే ఐదారు సెంటీమీటర్ల లావున చుట్టిన తువ్వాలు కుడి ఉబ్బు అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నచోట, చంకకి చాలా కిందగా రావాలి. తలకింద దిండు. ఎడమ చెయ్యి తలమీదుగా చాచి, ఇప్పుడు పైకి వచ్చిన ఎడమ పక్కటెముకల్లోకి ఐదు ఊపిర్లు. మూడు విడతలు. ఎడమ పక్కకి తిరిగినప్పుడు చుట్ట ఎడమ నడుము కిందికి వెళ్తుంది, ఎడమ పక్కటెముకల కింద ఏమీ వద్దు. ఆ భంగిమలో పైనున్న కుడి కాలుని పది సార్లు ఎత్తండి. ఇక్కడ ఎత్తు మీద ఆశ పెట్టుకోకండి. మడమని కాళ్ళవైపు ఉన్న గోడకి తాకించబోతున్నట్టు దూరంగా చాచి, తర్వాత ఒక జానెడు మాత్రమే లేపాలి. చాచకుండా ఎత్తితే కుడి తుంటి పక్కటెముకలవైపుకి పాకుతుంది. ఇప్పటికే కురచైపోయిన కుడి నడుము ఇంకా కురచవుతుంది.

చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచే వ్యాయామం మీ రకం వంపుకి అచ్చంగా సరిపోతుంది. ఎడమ చెయ్యి ముందుకి చాచితే ఎడమ పక్కటెముకలు తెరుచుకుంటాయి, కుడి కాలు వెనక్కి చాచితే కుడి నడుము పొడవవుతుంది. రెండు గుంటలూ ఒకే గీత మీద సాగుతాయి. కాబట్టి ఎడమ చెయ్యి–కుడి కాలు జత ఎనిమిది సార్లు, రెండో జత నాలుగు సార్లే. చెయ్యి చెవికంటే పైకి, కాలు తుంటికంటే పైకి పోకూడదు. అంగుళం కిందే ఉన్నా ఫరవాలేదు. వీపు మీద సన్నటి కర్ర పెట్టుకుంటే పొర్లిపోతోందో లేదో తెలుస్తుంది. మీకు ఉబ్బు ఉంది కనుక కర్ర సమంగా ఆనదు, అది మామూలే. చూడాల్సింది అది కదలకుండా ఉందా అని మాత్రమే.

కూర్చుని పక్కకి ఒంగే మెర్మెయిడ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే స్కోలియోసిస్ ఉన్నవాళ్ళకి మంచిదని దీన్ని ఎక్కువగా చేయిస్తారు. వెన్నులో ఒకే వంపు ఉన్నవాళ్ళకి ఉబ్బు వైపుకి ఒంగడం సరే. మీరు కుడికి ఒంగితే వీపులో ఎడమ గుంట తెరుచుకుంటుంది, నిజమే. అదే సమయంలో నడుములో కుడి గుంట నలిగిపోతుంది. ఒక వంపుకి మందు ఇంకో వంపుకి విషమవుతుంది. రెండు వంపులున్నవాళ్ళు ఒంగకూడదు, జరగాలి. అద్దం ముందు స్టూలు మీద రెండు పిరుదుల మీదా సమంగా బరువు వేసి కూర్చోండి. ముందు వెన్నుని పొడవుగా పైకి సాగదీయండి. ఆ తర్వాత భుజాల గీత నేలకి సమాంతరంగానే ఉంచి పక్కటెముకల గూడు మొత్తాన్ని ఎడమకి ఒకటి రెండు సెంటీమీటర్లు జరపండి. గూడు జరగాలి, తల గానీ తుంటి గానీ జరగకూడదు. అక్కడే మూడు ఊపిర్లు ఎడమ వీపులోకి. ఆరు సార్లు. కదలిక ఇంత చిన్నదా అనిపిస్తుంది. పది రోజుల తర్వాత, నిలబడి వంట చేసేటప్పుడో బస్సు కోసం నిలబడ్డప్పుడో ఇదే జరుపుడు చేసుకోగలిగితే రోజుకి అరగంట వ్యాయామం కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి, ఒక చెయ్యి మీద ఆని ఒంటిని పలకలా ఎత్తి ఆపడం) గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 2014లో 25 మందితో ఒక చిన్న అధ్యయనం వచ్చింది: ఉబ్బు వైపు కిందకి పెట్టి రోజూ ఆ ఒక్క భంగిమ చేసినవాళ్ళకి వంపు తగ్గిందని. పోల్చి చూడటానికి ఇంకో బృందం లేకపోవడం దాని లోపం, కాబట్టి ఆ అంకెల మీద ఆశలు కట్టుకోవద్దు. భంగిమ మాత్రం ఉపయోగమే. ఒకే వంపు అయితే ఉబ్బు కిందకి అన్న నియమం సరిపోతుంది. మీకైతే నడుము వంపుని చూసి ఎడమ మోచెయ్యి కింద, మోకాళ్ళు మడిచి, 10 సెకన్లతో మొదలుపెట్టడం నా పద్ధతి. ఎడమ పక్కటెముకలు చాపవైపు కుంగిపోతుంటే మీరింకా దానికి సిద్ధం కాలేదని అర్థం, నెల తర్వాత చూద్దురుగాని. మొదటిసారి ఫిజియోథెరపిస్టు కళ్ళముందే చేయండి.

రిఫార్మర్ (స్ప్రింగులతో జారే పలక ఉన్న పిలాటిస్ పరికరం) మీద చేసే అవకాశం ఉంటే వదులుకోకండి. పడుకుని కాళ్ళతో తోసే ఫుట్‌వర్క్‌లో వెన్ను మీద నిలువు బరువు పడదు, అవే తువ్వాళ్ళు అక్కడా పెట్టుకోవచ్చు. రెండు భుజాలూ ఆనుళ్ళకి సమంగా తగులుతున్నాయా చూడండి. ఒక భుజమే గట్టిగా నొక్కుకుంటోందంటే ఒక కాలు ఎక్కువ తోస్తోంది, స్ప్రింగ్ ఒకటి తగ్గించండి. ఒంటికాలి ఫుట్‌వర్క్ బలహీనమైన కాలితో మొదలుపెట్టి అది ఎన్ని చేయగలిగితే రెండోది కూడా అన్నే చేయాలి. కాళ్ళు పట్టీల్లో పెట్టి చేసేవాటిలో ఒక తాడు వదులైతే తుంటి తిరిగిందని తెలిసిపోతుంది. ఇంతకంటే నిజాయితీగా చెప్పే అద్దం లేదు. స్ప్రింగ్ రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, కాబట్టి ఇంకెవరో రాసిన "ఒక ఎరుపు, ఒక నీలం" లెక్కని అలాగే ఎత్తుకోవద్దు.

మానాల్సినవాటిలో మొదటివి బంతిలా దొర్లడం, రోల్ ఓవర్, జాక్‌నైఫ్. వీటిలో ఒంటి బరువంతా ఉబ్బు మీదుగా దొర్లుతుంది, పైగా వెన్ను మెలిక దారిలోనే మడుచుకుంటుంది. రెండో గుంపు ఒంటిని మెలితిప్పేవి: సా, స్పైన్ ట్విస్ట్, క్రిస్‌క్రాస్, కార్క్‌స్క్రూ. కుడి భుజాన్ని వెనక్కి తిప్పే ప్రతి మెలికా మీ వీపు మెలికని పెంచేదే. ఎడమకి తిప్పడం వీపుకి మంచిదే అయినా నడుము దగ్గర లెక్క తిరగబడుతుంది కాబట్టి తుంటిని కదలకుండా పట్టుకోవడం బాగా వచ్చేదాకా అదీ వద్దు. బోర్లా పడుకుని ఛాతీని ఎత్తుగా లేపే స్వాన్ ఇప్పటికే చదునైన వీపుని ఇంకా చదును చేస్తుంది. బోర్లా పడుకుని తల రెండంగుళాలు మాత్రం ఎత్తి పొడవుగా సాగే చిన్న రకం చేసుకోవచ్చు. హండ్రెడ్‌ని (వెల్లకిలా పడుకుని ఊపిరితో పాటు చేతులు వంద సార్లు ఆడించే వ్యాయామం) తల ఎత్తకుండా, పాదాలు నేలమీద ఉంచి చేయండి. తల ఎత్తితే మెడ పనిచేస్తుంది, ఊపిరి బిగుస్తుంది, ఎడమ వీపులోకి గాలి పోయే దారి మూసుకుపోతుంది.

మోతాదు: ఊపిరి, గూడు జరుపుడు రోజూ పది నిమిషాలు. మిగతావి వారానికి మూడు రోజులు, మొదటి ఆరు వారాలు 20 నిమిషాలకి మించకుండా, తర్వాత మెల్లగా 35–40 దాకా. పెంచేటప్పుడు ముందు ఆపే సమయం పెంచండి, ఆ తర్వాత సంఖ్య, అన్నిటికంటే చివర బరువు. వంపుని రోజంతా నిలబెట్టాల్సిన కండరాలకి కావలసింది ఓపిక, ఒక్కసారి ఎత్తే బలం కాదు. వ్యాయామం తర్వాత అలసట, పక్కటెముకల మధ్య కండరాల తీపు మామూలే. పదికి మూడున్న నొప్పి ఐదుకి పోయి మర్నాడు పొద్దుటికి కూడా అక్కడే ఉంటే ముందురోజు చేసినదాన్ని సగం చేయండి. రెండు వారాలైనా దిగకపోతే చూపించుకోండి.

మీ ప్రశ్న చదివేవాళ్ళలో వేరే స్థితిలో ఉన్నవాళ్ళుంటారు కాబట్టి నాలుగు మాటలు. ఎదిగే వయసు పిల్లలకి పైన రాసిందంతా తోడు మాత్రమే. 25 డిగ్రీలు దాటి పెరుగుతున్న వంపుకి బ్రేస్ అవసరమని డాక్టరు చెబితే దాని బదులు పిలాటిస్ పెట్టుకోకండి. 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రోజుకి సగటున 12.9 గంటలు, అంతకు మించి బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 90 శాతానికి పైగా శస్త్రచికిత్స స్థాయికి వెళ్ళకుండా ఆగారు. వ్యాయామానికి అలాంటి ఆధారం లేదు. ఒక్క ఎదుగుదల ఉప్పెనలో వంపు ఎంతో మారిపోతుంది, ఆ కొన్ని నెలలు మళ్ళీ రావు. రాడ్లు వేసి పూసలు కలిపేసిన శస్త్రచికిత్స అయినవాళ్ళు సర్జను అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. కలిపిన భాగం కదలదు, కాబట్టి "గుండ్రంగా ఒంగండి" అంటే ఆ ఒంపంతా దాని పైనా కిందా ఉన్న పూసల మీద పడి అవి అరుగుతాయి. వాళ్ళు తుంటినుంచి ఒంగడం నేర్చుకోవాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళకి ముందుకి ఒంగి లేచేవన్నీ, రోల్ అప్‌తో సహా, వద్దు. పూస నలిగిపోయే ప్రమాదం ఉంది. నడిస్తే కాళ్ళు లాగి, కూర్చుంటే తగ్గే పెద్దవాళ్ళకి వెనక్కి ఒంగేవి పడవు.

ఇక మీ టీచర్ సంగతి. క్లాసు మానకుండానే రెండు మూడు విడి సెషన్లు అడగండి. ఎక్స్‌రే, మీరు గీసిన బొమ్మ తీసుకెళ్ళండి. ఉబ్బు ఎటు, గుంట ఎటు అని ఆమె మిమ్మల్ని అడగకుండా రెండు వైపులా సాగదీయడం మొదలుపెడితే ఇంకొకరిని చూసుకోండి. స్కోలియోసిస్ ప్రత్యేక వ్యాయామాల్లో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఒక్కసారి తువ్వాళ్ళ చోట్లు ఖాయం చేసిస్తే ఆ తర్వాత ఏ క్లాసులోనైనా వాటిని మీరే పెట్టుకోవచ్చు. వంపుని కొలవాలని తరచు ఎక్స్‌రేలు తీయించుకోకండి. నెలకోసారి ఒకే చోట, ఒకే దూరంనుంచి, పొద్దునొకటి సాయంత్రమొకటి వెనకనుంచి ఫోటోలు తీయించండి. పొద్దుటి ఫోటోకీ సాయంత్రపు ఫోటోకీ మధ్య భుజాల తేడా నెలనెలా తగ్గుతోందంటే పని జరుగుతోంది.

కుడి రెక్క కింది పోటుకి ఈ వారం చేయాల్సింది: దొర్లేవీ మెలికవీ పూర్తిగా ఆపండి, భుజాలు వెనక్కి లాగడం ఆపండి, రోజుకి రెండుసార్లు తువ్వాళ్ళ మీద పది ఊపిర్లు చొప్పున తీసుకోండి. తువ్వాలు ఒత్తిడికే పోటు ఎక్కువైతే మందం సగం చేసి, ఇంకో వేలెడు బయటికి జరిపి చూడండి. రెండు వారాల్లో ఎలా ఉందో, ఏ భంగిమలో వస్తోందో రాయండి, అప్పుడు మిగతాది చూద్దాం.